రాలని ఆకులు: కేన్సర్ కణాలు ఎందుకు చావవు?

(ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం, ఆ తర్వాత శ్రోతలు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు. చదవడానికి వీలుగా అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాం.)



రెండు వారాల కిందట కార్యక్రమం అయిపోయాక ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారికి రక్త కేన్సర్. ఇక్కడే, కూతురి దగ్గరే ఉండి వైద్యం చేయించుకుంటున్నారు. మొదటి విడత కీమోథెరపీకి జబ్బు బాగా లొంగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి మళ్ళీ బయటపడింది. ఈసారి అవే మందులు పని చెయ్యలేదు. ఇండియా నుంచి ఫోన్ చేసిన చుట్టాలంతా తలా ఒక కారణం చెబుతున్నారట. "ఆయన మనసు దిటవు చేసుకోలేదమ్మా" అని ఒకరు. "అక్కడి తిండి ఆయన ఒంటికి పడలేదు" అని ఇంకొకరు. "మొదటినుంచీ పసుపు, తులసి ఇచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అని మరొకరు. అన్నీ విని విని ఆ అమ్మాయి చివరికి నన్నడిగింది: "అంకుల్, మేం ఎక్కడ తప్పు చేశాం?"

ఆ రోజు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. ఇదే ప్రశ్న మన ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళల్లో, పైకి చెప్పుకోలేక, మింగుడుపడక ఉండిపోయిందో అనిపించింది. అందుకని ఇవాళ తీరిగ్గా చెబుదామని వచ్చాను. ముందే ఒక మాట. నేను కణజీవశాస్త్రం చదువుకుని ప్రయోగశాలలో పనిచేస్తున్నవాణ్ణి. రోగులకి మందు రాసే డాక్టర్ని కాను. కాబట్టి నేను చెప్పేది జబ్బు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికే గాని, ఏ మందు వాడాలో నిర్ణయించుకోవడానికి కాదు.

ఇప్పుడు ఒక్కసారి కిటికీలోంచి మీ పెరట్లోకి చూడండి. అక్టోబరు నెల. మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. ఆకులు రాలుతున్నాయి, వారం వారం వాటిని పోగుచేసేసరికి మన నడుములు పడిపోతున్నాయి. ఆకు చచ్చిపోయింది కనుక రాలిందని మనం అనుకుంటాం. కానీ ఆకు రాలడం వెనక చాలా పని ఉంది. చెట్టు ముందుగా ఆకులోని పోషకాలు చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. తొడిమ మొదట్లో ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అక్కడి కణాల మధ్య అతుకు కరిగిపోయి ఆకు ఊడి వస్తుంది. ఇదంతా బతికున్న చెట్టు చేసే పని. నమ్మకం కలక్కపోతే వేసవి గాలివానకి విరిగి వేలాడుతున్న కొమ్మని చూడండి. దాని మీది ఆకులు మాడి గోధుమరంగుకి తిరుగుతాయి కానీ రాలవు. శీతాకాలం వచ్చినా అలాగే అంటుకుని ఉంటాయి. ఆకు రాలాలంటే కొమ్మకి ప్రాణం ఉండాలి.

మన ఒంట్లో కణాల చావు కూడా ఇలాగే రెండు రకాలు. కాలు కాలినప్పుడో, గుండెకి రక్తం అందనప్పుడో కణాలు ఉబ్బి, పగిలి, లోపలి సరుకంతా చుట్టూ చిమ్మి చస్తాయి. చుట్టూ వాపు, నొప్పి. అది విరిగిన కొమ్మ చావు. రెండోది ఆకు రాలినట్టు జరిగే చావు. కణం తనంతట తానే ముడుచుకుని, ముక్కలుగా పొట్లాలు కట్టుకుని, చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. పక్కనున్న కణాలు ఆ పొట్లాలని మింగేసి చోటు శుభ్రం చేస్తాయి. ఈ రెండో చావుని జాన్ కెర్ అనే ఆస్ట్రేలియా పాథాలజిస్టు 1960 దశకంలో ఎలుకల కాలేయంలో గమనించాడు. ఆ తర్వాత స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌కి వెళ్ళి ఆండ్రూ వైలీ, ఆలస్టెయిర్ కరీలతో కలిసి 1972లో ఒక వ్యాసం రాశాడు. దీనికి పేరేం పెట్టాలని వాళ్ళు అదే విశ్వవిద్యాలయంలో గ్రీకు భాష చెప్పే ఆచార్యుడు జేమ్స్ కార్మాక్‌ని అడిగితే ఆయన "ఎపాప్టోసిస్" అన్నాడు. గ్రీకులో ఆ మాటకి అర్థం ఆకులు, పూరేకులు రాలడమే.

ఈ చావు లేకపోతే మనం ఈ ఆకారంలో ఉండేవాళ్ళం కాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ చేతులు మొదట తెడ్డులా ఉంటాయి. వేళ్ళ మధ్య కణాలు రాలిపోతేనే అయిదు వేళ్ళూ విడివడతాయి. బాతు కాళ్ళల్లో ఆ కణాలు చాలావరకు మిగిలిపోతాయి, అందుకే దానికి ఆ తోలు. పెద్దయ్యాక కూడా మన ఒంట్లో రోజుకి వేల కోట్ల కణాలు ఇలా రాలుతూ ఉంటాయి, దాదాపు అన్నే కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒక మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో ఈ లెక్కని కణం కణం చొప్పున వేశారు. అది పెరిగేటప్పుడు 1,090 కణాలు పుడతాయి, సరిగ్గా 131 చస్తాయి, 959 మిగులుతాయి. ఈ పురుగు మీద చేసిన పనికే సిడ్నీ బ్రెన్నర్, జాన్ సల్స్టన్, రాబర్ట్ హార్విట్జ్‌లకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. చావడానికి ప్రత్యేకంగా జన్యువులున్నాయని, ఆ చావుని ఆపే జన్యువు కూడా ఉందని హార్విట్జ్ చూపించాడు.

కణం లోపల ఈ తీర్పు ఎలా జరుగుతుంది? ముగ్గురిని గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటివాడు తలారి. పేరు బ్యాక్స్. బ్యాక్ అని వాడికో తోబుట్టువు కూడా ఉన్నాడు. దాదాపు ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే తిత్తులుంటాయి. తలారి పనిలోకి దిగితే ఆ తిత్తుల పైపొరకి కన్నాలు పెడతాడు. లోపలున్న సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి కారుతుంది. అది బయటపడగానే కాస్పేస్‌లు అనే కత్తెరలు మేలుకుంటాయి. అవి కణంలోని ప్రోటీన్లని వరసగా కత్తిరించేస్తాయి. కొన్ని గంటల్లో పని పూర్తయిపోతుంది.

రెండోవాడు కావలివాడు. వీడి పేరు బి.సి.ఎల్-2. ఇవాళ మన కథలో ముఖ్యుడు వీడే. తలారి చేతులు వెనక్కి విరిచి పట్టుకుని కూర్చోవడం వీడి పని. వీడికి బి.సి.ఎల్-ఎక్స్‌ఎల్, ఎం.సి.ఎల్-1 అని అన్నదమ్ములున్నారు. ఏ కణంలో ఎవరు కావలి ఉంటారన్నది ఆ కణాన్ని బట్టి మారుతుంది.

మూడోవాడు కబురు తెచ్చేవాడు. బిమ్, ప్యూమా, నాక్సా వంటి పేర్లున్న చిన్న ప్రోటీన్లు ఇవి. కణంలో జన్యుపదార్థం బాగా దెబ్బతిన్నా, కణం ఎక్కడ ఉండకూడదో అక్కడ ఉన్నా, "ఇక నీ పని అయిపోయింది" అన్న కబురు వీళ్ళు తెస్తారు. వచ్చి కావలివాడి చేతుల్లో తామే ఇరుక్కుని తలారిని విడిపిస్తారు. అవసరమైతే తలారిని తట్టి లేపుతారు కూడా. విచిత్రమేమిటంటే ఈ మూడు రకాల వాళ్ళూ ఒకే కుటుంబం. ఒకరి ఆకారంలో ఇంకొకరి పోలిక ఉంటుంది కనుకనే ఒకరి చేతుల్లో ఇంకొకరు ఇముడుతారు. అచ్చంగా దాయాదుల పోరు.

ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ ముగ్గురి బలాబలాలు తూకంలో ఉంటాయి. కేన్సర్ చేసే మోసం ఈ తూకంలోనే ఉంది.

1984లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో యోషిహిదే త్సుజిమోటో, కార్లో క్రోచే అనే శాస్త్రవేత్తలు ఫాలిక్యులర్ లింఫోమా అనే కేన్సర్‌ని పరిశీలిస్తున్నారు. ఆ కణాలలో 18వ క్రోమోజోమ్ ముక్క ఒకటి విరిగి 14వ క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 85 మందిలో ఇదే మార్పు కనిపిస్తుంది. ఆ అతుకు దగ్గర వాళ్ళకి కొత్త జన్యువు ఒకటి దొరికింది. బి-కణాల లింఫోమాలో దొరికిన రెండోది కనుక బి.సి.ఎల్-2 అని పేరు పెట్టారు. 14వ క్రోమోజోమ్‌లో ఆ చోటు ఎలాంటిదంటే, రోగనిరోధకానికి కావలసిన యాంటీబాడీలని తయారుచేసే జన్యువు ఉండే చోటు. బి-కణాలలో అది పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. ఆ పక్కకి ఇల్లు మార్చిన బి.సి.ఎల్-2 జన్యువు కూడా ఆగకుండా పనిచెయ్యడం మొదలెట్టింది. ఒద్దికగా మాట్లాడే మనిషి చేతికి మైకు ఇచ్చినట్టయింది.

ఆ రోజుల్లో కేన్సర్ జన్యువు అంటే కణాలని వేగంగా విభజించేదే అని అందరి నమ్మకం. ఇది కూడా అలాంటిదే అనుకున్నారు. మెల్బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేవిడ్ వాక్స్ అప్పటికింకా పరిశోధక విద్యార్థి. సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్‌లతో కలిసి 1988లో ఆయన ఒక ప్రయోగం ప్రకటించాడు. రక్తకణాలు బతకడానికి బయటినుంచి ఒక సంకేతం అందుతూ ఉండాలి. అది ఆపేస్తే అవి చచ్చిపోతాయి. బి.సి.ఎల్-2 ఎక్కించిన కణాలకి ఆ సంకేతం ఆపేశారు. అవి విభజన చెందలేదు, పెరగలేదు. ఊరికే చావకుండా ఉండిపోయాయి. అంతే. ఆ "అంతే"లోనే కొత్త సంగతి ఉంది. కేన్సర్‌కి దారి ఎక్కువగా పుట్టడం ఒక్కటే కాదు, చావవలసినప్పుడు చావకపోవడం కూడా అని మొదటిసారి తేలింది. 1992లో వాక్స్, ఆయన సహచరులు మనిషి బి.సి.ఎల్-2ని నేను ఇందాక చెప్పిన పురుగులో పెట్టి చూశారు. అక్కడ కూడా అది కణాల చావుని ఆపింది.

ఒక్క బి.సి.ఎల్-2 పెరిగినంత మాత్రాన కేన్సర్ వచ్చేయదు. ఇందాక చెప్పిన క్రోమోజోమ్ మార్పు ఉన్న కణాలు కొద్దిపాటి సంఖ్యలో ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కనిపిస్తాయి. వాళ్ళలో చాలామందికి జబ్బు ఎన్నటికీ రాదు. కానీ కణాన్ని వేగంగా విభజించే ఎం.వై.సి. వంటి జన్యువు తోడైతే వ్యవహారం మారిపోతుంది. మామూలుగా అంత తొందరపడే కణానికి చావు కబురు వస్తుంది. కావలివాడు బలంగా ఉంటే ఆ కబురు అందదు. బండికి వేగం పెంచి, బ్రేకు పీకేసినట్టు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికి వద్దాం. కీమోథెరపీ మందు కేన్సర్ కణాన్ని చంపుతుందని మనం అనుకుంటాం. చాలా మందుల విషయంలో అది పూర్తి నిజం కాదు. మందు చేసేది గాయం. కణం జన్యుపదార్థాన్ని దెబ్బతీయడమో, దాన్ని తయారుచేసుకోనీకుండా అడ్డుపడడమో చేస్తుంది. ఆ గాయాన్ని పి53 అనే ప్రోటీన్ కనిపెట్టి ప్యూమా వంటి వార్తాహరుల్ని పుట్టిస్తుంది. వాళ్ళు వెళ్ళి తలారిని విడిపిస్తారు. కణం తనంతట తాను చస్తుంది. అంటే మందు తలుపు తడుతుంది, తలుపు తియ్యవలసింది లోపలివాళ్ళు. పి53 లేకపోయినా, కావలివాళ్ళు మరీ ఎక్కువమంది ఉన్నా, మందు ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు. గాయపడిన కణం బతికే ఉంటుంది.

మన తెలుగువాళ్ళు గర్వంగా తలుచుకునే ఒక కథ ఇక్కడ గుర్తొస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్ మీద పనిచేశారు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్‌ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా ఉన్న పిల్లలకి ఇచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన వ్యాసంలో పదహారుమంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. అంతకుముందు ఆ జబ్బుకి వైద్యమన్నదే లేదు. అయితే ఆ ఉపశమనం కొద్దికాలమే నిలిచింది, జబ్బు తిరగబెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. కణం చావుకి ఒక యంత్రాంగం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మందులని జోడించి ఇవ్వడం నేర్చుకున్నారు. సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల ల్యుకేమియా వైద్యంలో భాగంగా ఉంది.

తిరగబెట్టడం ఎందుకు? గుంటూరు జిల్లాలో పత్తి పండించిన కుటుంబాల వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. శనగపచ్చ పురుగుకి మందు కొడితే మొదటి ఏడు చేను శుభ్రమవుతుంది. తర్వాత అదే మందు నీళ్ళలా పారుతుంది. మందు పురుగుకి ఏమీ నేర్పలేదు. తట్టుకునే పురుగులు కొన్ని మొదటే ఉన్నాయి. మిగతావి చచ్చాక వాటికి చేనంతా ఖాళీ దొరికింది. కేన్సర్ కణాలు కోట్ల సంఖ్యలో ఉంటాయి, అన్నీ ఒక్కలా ఉండవు. ఒకదానిలో ఎం.సి.ఎల్-1 ఎక్కువ, ఇంకొకదానిలో పి53 పోయి ఉంటుంది. మందు వేశాక మిగిలేవి అవే. ఈ ఏరివేతలో రోగి ధైర్యానికీ, కూతురు వండిన కూరకీ చోటెక్కడుంది?

మరి కావలివాడి చేతులు విడిపించలేమా? ఈ ఆలోచన మందుగా మారడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1996లో అబాట్ కంపెనీ శాస్త్రవేత్తలు బి.సి.ఎల్-ఎక్స్‌ఎల్ ఆకారం తేల్చారు. దాని మీద ఒక పొడవాటి గాడి ఉంది. కబురు తెచ్చేవాళ్ళు వచ్చి ఇరుక్కునేది ఆ గాడిలోనే. దానిలో సరిగ్గా కూర్చునే చిన్న అణువు కోసం వెతికి వెతికి 2005లో ఏ.బి.టి-737 అనే పదార్థాన్ని ప్రకటించారు. దాని తర్వాత మింగడానికి వీలైన నావిటోక్లాక్స్ వచ్చింది. అయితే అది బి.సి.ఎల్-2తో పాటు బి.సి.ఎల్-ఎక్స్‌ఎల్‌ని కూడా పట్టుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు బతికేది బి.సి.ఎల్-ఎక్స్‌ఎల్ దయ మీద. మందు వెయ్యగానే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అప్పుడు ఒక్క బి.సి.ఎల్-2కి మాత్రమే సరిపోయేలా అణువుని మళ్ళీ చెక్కారు. అది వెనిటోక్లాక్స్. 2013లో దాని వివరాలు అచ్చయ్యాయి.

క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా, పొట్టిగా సి.ఎల్.ఎల్., అనే జబ్బులో కణాలు బి.సి.ఎల్-2తో నిండి ఉంటాయి. కానీ వాటిలో చావు కబురు తెచ్చే బిమ్ కూడా కుప్పలుగా ఉంటుంది. కావలివాడు ఒక్కొక్కడూ ఒక్కొక్క వార్తాహరుణ్ణి పట్టుకుని బిగదీసుకుని ఉంటాడు. మందు ఆ గాడిలో దూరగానే వార్తాహరులంతా ఒక్కసారి బయటపడతారు. ఇక్కడ మందు కొత్తగా గాయమేదీ చెయ్యలేదు. ఎప్పుడో రావలసిన చావుని రానిచ్చింది. పి53 లేని కణాల మీద కూడా ఇది పనిచెయ్యడానికి కారణం అదే. గాయాన్ని కనిపెట్టే మెట్టుని దాటేసి నేరుగా తలారి దగ్గరికి వెళ్ళింది.

ఎంత గట్టిగా పనిచేసిందంటే, తొలి పరీక్షల్లో అదే ప్రమాదమైంది. బరాజు గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తే దిగువ ఊళ్ళు ఏమవుతాయో మీకు తెలుసు. లెక్కలేనన్ని కణాలు ఒకేసారి చచ్చేసరికి వాటిలోని పొటాసియం, ఫాస్ఫేట్ రక్తంలోకి ముంచెత్తాయి, యూరిక్ ఆసిడ్ పెరిగిపోయింది. మూత్రపిండాలు, గుండె తట్టుకోలేకపోయాయి. కొన్ని మరణాలు కూడా జరిగాయి. అప్పటినుంచి గేట్లు కొద్దికొద్దిగా ఎత్తడం మొదలెట్టారు. సి.ఎల్.ఎల్. రోగులకి మొదటి వారం రోజుకి 20 మిల్లీగ్రాములు, తర్వాత వారానికొక మెట్టు చొప్పున 50, 100, 200, అయిదో వారానికి 400. మధ్యలో రక్తపరీక్షలు, నీళ్ళు బాగా తాగడం.

2016 జనవరిలో అచ్చయిన పరీక్షలో, అంతకుముందు వాడిన మందులకి జబ్బు తిరగబెట్టిన లేదా లొంగని 116 మంది పాల్గొన్నారు. నూటికి 79 మందిలో జబ్బు తగ్గింది. నూటికి 20 మందిలో పూర్తిగా కనుమరుగైంది. అదే ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ మందుని అనుమతించింది. మెల్బోర్న్ ప్రయోగం నుంచి లెక్కేస్తే 28 ఏళ్ళు. 2018లో, గట్టి కీమో తట్టుకోలేని పెద్దవాళ్ళకి వచ్చే ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాకి కూడా వేరే మందులతో కలిపి ఇవ్వడానికి అనుమతి వచ్చింది.

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ రెండో జబ్బులో 2020లో అచ్చయిన పెద్ద పరీక్షలో, ఎజాసిటిడీన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో సగంమంది 9.6 నెలలకి మించి బతికారు. వెనిటోక్లాక్స్ కూడా కలిపి తీసుకున్నవాళ్ళలో అది 14.7 నెలలు. అయిదు నెలలు తేడా. మనవడి అన్నప్రాశన చూడడానికి ఆ అయిదు నెలలు చాలా విలువైనవి. కానీ దాన్ని నయమైపోవడం అనకూడదు. ఈ మందుకి కూడా ఎదురుతిరిగే కణాలున్నాయి. కొన్నిట్లో బి.సి.ఎల్-2 గాడిలో ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి మందు జారిపోతుంది. కొన్నిట్లో ఎం.సి.ఎల్-1 కావలి బాధ్యత తీసుకుంటుంది. ఎం.సి.ఎల్-1ని పట్టుకునే మందులు ప్రయత్నిస్తే గుండె కండరానికి ఇబ్బంది కనిపించి కొన్ని పరీక్షలు ఆపవలసి వచ్చింది. గుండె కణాలకి కూడా ఆ కావలివాడే దిక్కు మరి. మైలోమా అనే ఇంకో రక్త కేన్సర్ మీద చేసిన ఒక పరీక్షలోనైతే వెనిటోక్లాక్స్ కలిపినవాళ్ళలో మరణాలు ఎక్కువ కనిపించి 2019లో ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీ చేసింది. ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి ఎందుకు రాయరో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ అమ్మాయికి నేను చెప్పిన రెండు ముక్కలు ఇవే. మీ నాన్నగారు ఓడిపోలేదు, మీరు తప్పు చెయ్యలేదు. మొదటి మందుకి లొంగని కొన్ని కణాలు మొదటినుంచీ లోపలున్నాయి. అవి ఇప్పుడు కనిపించాయి, అంతే. చుట్టాలు ప్రేమ కొద్దీ ఏదో ఒక కారణం వెతుకుతారు. ఆ కారణం మీ వంటింట్లో లేదు.

ఇక శ్రోతల ప్రశ్నలు.

ప్రశ్న: పసుపులో ఉండే కర్కుమిన్ కేన్సర్ కణాలని చంపుతుందని చదివానండి. మావారికి మాత్రలు తెప్పించాను. వాడవచ్చా?

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదమ్మా. గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద కర్కుమిన్ పోస్తే చాలా రకాల కణాలు ఇందాక చెప్పిన పద్ధతిలోనే చస్తాయి. కానీ నోటితో తీసుకున్న కర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు తక్కువ. కేన్సర్ రోగుల్లో అది జబ్బుని తగ్గిస్తుందని రుజువు కాలేదు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. మాత్రల సంగతి వేరు. అవి కొన్ని మందుల పనిని మార్చవచ్చు, కొందరిలో కాలేయానికి హాని చేసిన సందర్భాలున్నాయి. ఆ సీసా తీసుకెళ్ళి మీ డాక్టరుగారికి చూపించండి. ఆయనకి తెలియకుండా మాత్రం వెయ్యకండి.

ప్రశ్న: మా అత్తగారు వెనిటోక్లాక్స్ వాడుతున్నారు. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దన్నారు. పండుతో ఏమిటండీ ప్రమాదం?

జవాబు: ఈ మందుని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైమ్ ఒకటి మన పేగుల్లో, కాలేయంలో ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం దాన్ని పనిచెయ్యనివ్వదు. అప్పుడు వేసుకున్నది ఒక మాత్రే అయినా ఒంట్లో రెండు మూడు మాత్రలంత మందు పోగుపడవచ్చు. మార్మలేడ్ చేసే సెవిల్ నారింజ, స్టార్ ఫ్రూట్ కూడా అందుకే వద్దంటారు. పంపరపనస గ్రేప్‌ఫ్రూట్‌కి దగ్గరి చుట్టం, దాన్ని కూడా అడగకుండా పెట్టకండి. ఇండియా వెళ్ళే ముందు టీకాలు వేయించాలన్నా ముందు అడగండి. ఈ మందు మీద ఉండగా బతికున్న క్రిములతో చేసిన టీకాలు వెయ్యకూడదు.

ప్రశ్న: మామూలు కణాలకి కూడా బి.సి.ఎల్-2 ఉంటుందన్నారు కదా. మరి వాటిని ఈ మందు చంపదా?

జవాబు: మంచి ప్రశ్న. చాలా మామూలు కణాల్లో చావు కబురు తెచ్చేవాళ్ళు అంత పోగుపడి ఉండరు. కావలివాణ్ణి తప్పించినా తలారికి పనుండదు. కానీ కొన్ని తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. దానివల్ల అంటురోగాలు తేలిగ్గా వస్తాయి. వైద్యంలో ఉన్నవాళ్ళకి జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరితే, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. మన పెద్దవాళ్ళు "పిల్లల్ని నిద్రలేపడం ఎందుకులే" అని ఒక టైలెనాల్ వేసుకుని పడుకుంటారు. అది చెయ్యనివ్వకండి.

ప్రశ్న: బాబూ, నా వయసు డెబ్భై నాలుగు. తిరగబెట్టిందంటే ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: అలా ఒక్క మాటలో తేల్చి చెప్పే హక్కు నాకు లేదండి, మీ పరీక్షల కాగితాలు చూడని మరెవరికీ కూడా లేదు. ఒకే పేరున్న జబ్బు ఇద్దరిలో రెండు రకాలుగా నడుస్తుంది. మీ డాక్టర్ని మూడు సంగతులు అడగండి. ఒకటి, ఈసారి కణాల్లో జన్యు మార్పులు ఏం కనిపించాయి, పి53 ఎలా ఉంది? రెండు, ఇప్పుడిచ్చే మందు నయం చెయ్యడానికా, జబ్బుని అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా? మూడు, నాకు సరిపోయే పరిశోధన పరీక్షలు ఏమైనా నడుస్తున్నాయా? ఇంగ్లీషులో అడగడం ఇబ్బందైతే ఆస్పత్రిలో దుబాసీని అడగవచ్చు. చాలాచోట్ల ఫోన్ మీద తెలుగువాళ్ళు దొరుకుతారు. కొడుకో కూతురో మధ్యలో ఉండి చెబితే, మీకు బాధ కలుగుతుందని సగం మింగేస్తారు. మీ జబ్బు గురించి పూర్తిగా తెలుసుకునే హక్కు మొదట మీది.

సమయం అయిపోయిందంటున్నారు. ఇందాక చెప్పిన అమ్మాయి నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారికి కొత్త మందు మొదలెట్టారట. ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఈ కార్యక్రమం ఆయన పక్కనే కూర్చుని వింటామంది. వింటున్నారనే అనుకుంటున్నాను. అయ్యా, మీకు నా నమస్కారం. వచ్చేవారం చుట్టాలు ఫోన్ చేస్తే ఈసారి మీరే చెప్పండి, కారణం ఏమిటో.

సెలవు.